షట్టర్ కింద సైకిలు: మా ఇంటి కారు షెడ్డు ప్రాజెక్టు డైరీ

మా ఇల్లు బెంగళూరు రామమూర్తినగర్‌లో, 30×40 అడుగుల సైటులో. కింద కారు, రెండు స్కూటర్లు పెట్టుకునే జాగా ఉంది, దానికి మోటారు రోలింగ్ షట్టర్. మొదటి అంతస్తులో మేము, పైన అద్దెకున్నవాళ్ళు. మనవరాలికి ఆరేళ్ళు, మనవడికి మూడు, అద్దెవాళ్ళ బాబుకి నాలుగు. మే మొదటి వారంలో మనవడి మూడు చక్రాల సైకిలు షట్టర్ కింద ఉండిపోయింది. మా అబ్బాయి కారు పెట్టి, రిమోట్ నొక్కి, వెనక్కి చూడకుండా మెట్లెక్కేశాడు. షట్టర్ సైకిలు మీదికి దిగి హ్యాండిలు వంచి అలాగే కూర్చుంది. ఆ సమయానికి మనవడు పైన వాళ్ళ అవ్వ చేతి ముద్ద తింటున్నాడు.

నేను ఫ్యాక్టరీ మెయింటెనెన్సులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. కరెంటు పని తెలుసు. తెలియనివాళ్ళు ఇందులోని వైరింగు పనులకు ఎలక్ట్రీషియన్‌ని పెట్టుకోండి. ఇంకో మాట ముందే చెప్పాలి. చేత్తో ఎత్తే షట్టర్లలో, షట్టర్ చుట్టుకునే పైపు లోపల స్ప్రింగులుంటాయి. వాటిలో బిగిసి ఉన్న బలం చేతి ఎముకలు విరిచేంత ఉంటుంది. నాది మోటారు, సాదా పైపు కాబట్టి పైపు దగ్గర పని చేయగలిగాం. స్ప్రింగు ఉన్నదైతే ఆ పని తెలిసిన మనిషికే వదలండి.

దశ 0: కొలతలు (మే 10 నుంచి 14)

ఏదైనా కొనే ముందు ఉన్నది ఎంత ప్రమాదమో అంకెల్లో చూడాలనుకున్నాను.

1. ద్వారం: వెడల్పు 3.05 మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు.
2. బరువు: పట్టీ మందం 0.9 మి.మీ. చదరపు మీటరు ఉక్కు రేకు 7 కిలోలు, పట్టీ వంపులకు పావు వంతు కలిపితే దాదాపు 8.8. అడుగున ఉన్న రెండు యాంగిళ్ళు (ఎల్ ఆకారపు ఇనుప కడ్డీలు) 18 కిలోలు. మొత్తం 82 కిలోల పైనే, కొంచెం ఎక్కువే ఉండనీ అని 90గా లెక్క పెట్టుకున్నాను.
3. దిగే సమయం: 31 సెకన్లు, అంటే సెకనుకు దాదాపు 8 సెం.మీ.
4. స్టాప్ నొక్కాక జారేది: 3 నుంచి 4 సెం.మీ.

తర్వాత నొక్కుడు బలం. ఇంట్లో ఉన్న డిజిటల్ తూకం మిషను పనికిరాలేదు. అది అంకె స్థిరపడేదాకా ఆగి, ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. ముల్లు తిరిగే పాత రకం కొని, కింద ఇటుకలు పేర్చి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి ముల్లు చూశాను.

– నేలకు 50 సెం.మీ. ఎత్తులో: 58 కిలోలు
– 30 సెం.మీ. ఎత్తులో: 61
– 5 సెం.మీ. ఎత్తులో: 64

మోటారు షట్టర్‌ని కిందికి నెట్టదు, పైపు మీద నుంచి వదులుతుంది అంతే. కింద ఏదైనా అడ్డొస్తే వేలాడుతున్న ఇనుమంతా దాని మీద కూర్చుంటుంది. మోటారుకు ఆ సంగతి తెలియదు, ఇంకా వదులుతూనే ఉంటుంది. అందుకే బరువు తగ్గలేదు, షట్టర్ వెనక్కి లేవలేదు. నేను స్టాప్ నొక్కేదాకా ముల్లు అక్కడే ఉంది. మనవడి బరువు 14 కిలోలు.

పోల్చుకోవడానికి రెండు లెక్కలు పెట్టుకున్నాను. అమెరికాలో 1993 జనవరి 1 తర్వాత తయారయ్యే ఇంటి గ్యారేజీ మోటార్లకు యూఎల్ 325 అనే ప్రమాణం వర్తిస్తుంది. దాని ప్రకారం నేల మీద పెట్టిన 38 మి.మీ. చెక్కను తాకిన తలుపు 2 సెకన్లలోపు వెనక్కి లేవాలి. అది కాక, నేల నుంచి 6 అంగుళాలు మించని ఎత్తులో కాంతి సెన్సరో, తలుపు అంచున తాకుడు సెన్సరో కూడా ఉండాలి. యూరప్‌లో ఈఎన్ 12453 అనే ప్రమాణం ప్రకారం 50 సెం.మీ. లోపు సందులో నలిగే బలం 400 న్యూటన్లు దాటకూడదు, అంటే దాదాపు 40 కిలోలు. అదికూడా 0.75 సెకనులో 150 న్యూటన్ల లోపుకు దిగిపోవాలి. వాళ్ళు దీనికి ప్రత్యేకమైన మీటరు వాడతారు. నా ముల్లు తూకం క్షణకాలపు దెబ్బను పట్టలేదు. అందుకే నా అంకెల్ని ముందూ తర్వాతా పోల్చడానికే వాడాను, పాస్ ఫెయిల్ చెప్పడానికి కాదు.

ఇక పైకి వెళ్ళేటప్పుడు. 20 లీటర్ల నీళ్ళ క్యాను అడుగు యాంగిలుకు తాడుతో కట్టి పైకి నొక్కాను. అసలు బరువే లేనట్టు ఎత్తుకుపోయింది. పిల్లవాడు యాంగిలు పట్టుకుని వేలాడితే వాడినీ అలాగే పైపు దాకా తీసుకెళ్తుంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఖర్చు: తూకం 950, చెక్క 80. *ఇప్పటిదాకా రూ. 1,030, 5 గంటలు.*

దశ 1: బటన్, రిమోట్, గొలుసు (మే 15 నుంచి 18)

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. ఇంకేమీ చేయలేనివాళ్ళు ఇవైనా ఈ ఆదివారమే చేయండి.

గోడ బటన్ నేల నుంచి 105 సెం.మీ.లో, చెప్పుల స్టాండు పక్కనే ఉంది. అమెరికా లెక్కలో కనీసం 5 అడుగులు ఉండాలి. మనవరాలు చేయెత్తితే 139 సెం.మీ. అందుతుంది, కాబట్టి 5 అడుగులు చాలనుకున్నాను. ఆ సాయంత్రమే అది ప్లాస్టిక్ స్టూలు లాక్కొచ్చి గోడ మీద క్యాలెండరు తీసింది. స్టూలు 28 సెం.మీ. కలిపితే 167! ఎత్తు ఒక్కటే కాపాడదని అప్పుడే అర్థమైంది.

1. పాత బటన్ తీసేసి, 160 సెం.మీ. ఎత్తులో తాళంచెవి స్విచ్ పెట్టాను. చెవి తిప్పి పట్టుకున్నంతసేపే షట్టర్ దిగుతుంది. వదిలితే ఆగుతుంది.
2. అక్కడ నిలబడితే ద్వారం మొత్తం కనబడుతుంది. పాత బటన్ దగ్గర నుంచి కారు అడ్డమొచ్చి కుడి మూల కనబడేది కాదు.
3. రిమోట్‌లో 'డౌన్' పనిచేయకుండా కంట్రోల్ బాక్సులో ఆ వైరు తీసేశాను, సెన్సర్లు పూర్తయ్యేదాకా.
4. రిమోట్ మా బాల్కనీ నుంచి కూడా పనిచేసేది. 433 మెగాహెర్ట్జ్ రిసీవరుకు 17 సెం.మీ. యాంటెన్నా వైరు ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెం కత్తిరిస్తూ రేంజి 6 మీటర్లకు తెచ్చాను. ఇప్పుడు షట్టర్ కనిపించేచోటే రిమోట్ పనిచేస్తుంది.
5. కరెంటు పోయినప్పుడు లాగే చేతి గొలుసు నేలకు 60 సెం.మీ. దాకా ఉచ్చులా వేలాడేది. మూడేళ్ళ పిల్లవాడి మెడ అందులో ఇరుక్కునేంత కిందికి. పైకి చుట్టి 190 సెం.మీ.లో కొక్కేనికి తగిలించాను.
6. మోటారు బ్రేకు వదిలే ఎర్ర తాడు గొలుసు పక్కనే ఉంది. దాన్ని లాగితే షట్టర్ తన బరువుతో కిందికి వచ్చేస్తుంది. దాన్నీ పైకి కట్టాను.

ఇంతకాలం ఆ గొలుసు కింద రోజూ చెప్పులు విప్పుకున్నాను, ఒక్కసారి కూడా అది ఉచ్చులా కనిపించలేదు.

3వ పని వల్ల ఇంట్లో పేచీ వచ్చింది. అబ్బాయి రోజూ కారు దిగి, లోపలికి వచ్చి, చెవి తిప్పి పట్టుకుని 31 సెకన్లు నిలబడాలి. "ఎన్నాళ్ళు నాన్నా ఇది?" అన్నాడు. సైకిలు హ్యాండిలు చూపించాను. తర్వాత అడగలేదు.

ఖర్చు: తాళం స్విచ్ 780, రిలే 240, వైరు పెట్టె 420, కొక్కేలు 60. *ఇప్పటిదాకా రూ. 2,530, 9 గంటలు.*

దశ 2: కాంతి సెన్సర్లు (మే 22 నుంచి జూన్ 9)

ఈ దశలోనే ఎక్కువసార్లు తప్పాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి తప్పు, రకం. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డులో ఒకవైపు సెన్సరు, ఎదురుగా మెరిసే బిళ్ళ ఉండే రకం కొన్నాను. ఒకవైపే వైరు లాగితే చాలని ఆశ. రెండో రోజు పరీక్షలో స్కూటరు స్టీలు గార్డు దగ్గరగా ఉన్నప్పుడు అడ్డం ఉన్నా సెన్సరు 'అంతా ఖాళీ' అంది. మెరిసే స్టీలే బిళ్ళలాగా కాంతిని తిప్పి పంపింది. తీసేసి, ఒకవైపు పంపేది, మరోవైపు అందుకునేది ఉండే జతలు కొన్నాను. ఆ 1,450 రూపాయలు పోయాయి.

రెండో తప్పు, ఎత్తు. షట్టర్ బిగించినతను మోకాలి ఎత్తులో, 55 సెం.మీ.లో పెట్టమన్నాడు. ఎందుకని అడిగితే "అందరూ అక్కడే పెడతారు సార్" అన్నాడు. పాత బట్టలు కుక్కి మనవడి కొలతలతో ఒక బొమ్మ కుట్టించాను, వాళ్ళ అవ్వ కుట్టింది. పడుకోబెడితే ఛాతీ దగ్గర 14 సెం.మీ., కాళ్ళ దగ్గర 8. మోకాళ్ళ మీద పాకే భంగిమలో వీపు 36. 55 సెం.మీ. కిరణం కింద నుంచి బొమ్మ రెండు భంగిమల్లోనూ హాయిగా దాటిపోయింది. అందుకని ఒక జత 12 సెం.మీ.లో, రెండోది 40 సెం.మీ.లో పెట్టాను. పడుకున్న బొమ్మ ఛాతీ 12కి దొరికింది. కాళ్ళు మాత్రం దొరకలేదు. కిరణం ఒక గీత మాత్రమే, ఆ గీతలో లేనిది దానికి కనబడదు. 3వ దశ పెట్టుకోవడానికి కారణం ఇదే.

మూడో తప్పు, వైరింగు. మొదట కిరణం తెగితే కాంటాక్టు (సెన్సరు లోపలి స్విచ్) కలిసి షట్టర్ ఆగేలా కలిపాను. పని చేసింది. తర్వాత ఎలుక కొరికినట్టు అనుకుని ఒక వైరు పీకి చూశాను. షట్టర్ ఏమీ ఎరగనట్టు బొమ్మ మీదికి దిగింది! సెన్సరు ఉందన్న ధైర్యంతో ఇంట్లో అందరూ ఇంకా అజాగ్రత్తగా ఉంటారు, సెన్సరు చచ్చిపోయి ఉంటుంది. సెన్సరు లేకపోవడం కన్నా ఇది ఘోరం. మొత్తం తిప్పేశాను. అంతా బాగున్నప్పుడు కాంటాక్టు మూసి ఉంటుంది. కిరణం తెగినా, వైరు తెగినా, సెన్సరుకు కరెంటు పోయినా కాంటాక్టు తెరుచుకుంటుంది, షట్టర్ దిగదు. ప్రతి వైరునూ ఒక్కొక్కటిగా పీకి, ప్రతిసారీ షట్టర్ ఆగిందని చూశాకే పెట్టె మూశాను.

నాలుగో తప్పు, పక్కపక్క వెలుగు. రెండు జతల పంపేవాటినీ ఒకే వైపు పెట్టాను. కింది కిరణాన్ని కాలితో మూస్తే రిలే (సెన్సరు సంకేతానికి కలిసి విడిపోయే స్విచ్) కదలదు. సెన్సరు పోయిందనుకుని రెండు గంటలు వెతికాను. చివరికి పైదాని మీద అట్టముక్క పెడితే తెలిసింది. పై సెన్సరు వెలుగు మూడు మీటర్ల దూరంలో వెడల్పయి కింది రిసీవరు మీద కూడా పడుతోంది. ఒక జతను ఎదురు వైపుకు తిప్పాను, పోయింది. రెండు కిరణాలు పెట్టేవాళ్ళు దీన్ని తప్పక చూసుకోండి, ఒక్కొక్కటీ విడిగా మూసి పరీక్షించండి.

ఐదోది, ఎండ. మా ద్వారం పడమర ముఖం. సాయంత్రం ఐదున్నర దాటితే షట్టర్ దిగడం మానేసింది. వేసవిలో సూర్యుడు పడమరకు ఉత్తరంగా జరిగి అస్తమిస్తాడు కదా, ఆ ఎండ దక్షిణపు గోడ మీదున్న రిసీవరు కంట్లో పడుతోంది. ఇది ప్రమాదం వైపు తప్పిదం కాదు, కానీ ఇలాంటివే ఇంట్లోవాళ్ళ చేత సెన్సరు పీకిస్తాయి. 10 సెం.మీ. పీవీసీ పైపు ముక్కలు లోపల నల్ల రంగు వేసి గొట్టాల్లా తొడిగాను. డిసెంబరులో ఎండ ఉత్తరపు గోడ మీదికి మారుతుంది కాబట్టి రెండువైపులా తొడిగాను.

ఖర్చు: వృథా అయిన సెన్సరు 1,450, రెండు జతలు 3,300, గొట్టాలు 120, పైపు వైర్లు 680. *ఇప్పటిదాకా రూ. 8,080, 20 గంటలు.*

దశ 3: అడుగు అంచు (జూన్ 12 నుంచి జులై 14)

బొమ్మ కాళ్ళు కిరణానికి దొరకలేదు కాబట్టి షట్టర్ అడుగుకే తాకుడు తెలియాలి.

ముందు చౌకగా ప్రయత్నించాను. సైకిలు ట్యూబు కత్తిరించి రెండు కొసలూ మూసి, యాంగిలు కింద కట్టి, సన్న గొట్టంతో గాలి ఒత్తిడి స్విచ్‌కు కలిపాను. మూడు రోజులు బాగా పనిచేసింది. తర్వాత మధ్యాహ్నం వేడికి గాలి ఉబ్బి దానంతటదే ఆపేది, తెల్లవారుజామున చల్లబడితే గట్టిగా నొక్కినా పలికేది కాదు. తీసేశాను. 530 పోయాయి.

తర్వాత అసలైన రబ్బరు అంచు తెప్పించాను. లోపల రెండు వాహకాలు, చివర 8.2 కిలో ఓమ్‌ల రెసిస్టరు. ఈ ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మల్టీమీటరులో మామూలుగా 8.19, నొక్కితే దాదాపు సున్నా, వైరు తెగితే అనంతం. దాని రిలే 8.2 దగ్గర ఉన్నప్పుడే 'బాగుంది' అంటుంది, ఎటు జరిగినా ఆపుతుంది. దశ 2లో నేను వైర్లు తిప్పి సాధించినది ఇందులో పుట్టుకతోనే ఉంది.

అమర్చిన క్రమం:

1. అడుగు యాంగిలు శుభ్రం చేసి అల్యూమినియం పట్టాలు బిగించి రబ్బరు జొప్పించాం.
2. కదిలే షట్టర్ నుంచి గోడకు స్పైరల్ కేబులు.
3. అంచు రిలే, రెండు కిరణాల రిలేలు వరుసగా కలిపి, వాటి ద్వారానే 'డౌన్' కాంటాక్టరుకు (మోటారుకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్‌కు) కరెంటు. ఏ ఒక్కటి తెరుచుకున్నా మోటారుకు 'డౌన్' కరెంటే ఉండదు.
4. అంచు నొక్కుకుంటే టైమరు రిలే 'అప్' ఇచ్చి షట్టర్‌ని పైకి ఎత్తుతుంది.

4వ దాంట్లో దెబ్బతిన్నాను. ఆపిన వెంటనే 'అప్' ఇచ్చాను. మోటారు గుర్రుమంటూ కిందికే తిరిగింది. కెపాసిటరు ఉండే సింగిల్ ఫేజు మోటారు తిరుగుతూ ఉండగా దిశ మార్చితే కొన్నిసార్లు పాత దిశలోనే పోతుంది. ఈ మాట నాకు ఉద్యోగం చేసిన రోజుల నుంచీ తెలుసు, అయినా మరిచాను. మధ్యలో 0.6 సెకను విరామం పెట్టాక బ్రేకు పట్టి, ఆగి, పైకి లేచింది. తాకినప్పటి నుంచి లేవడం మొదలయ్యేదాకా 1.3 సెకన్లు.

తర్వాతది నేల తంటా. అడుగు నేలను తాకగానే అంచు 'అడ్డం ఉంది' అని ఎత్తేసేది. రాత్రి తొమ్మిదింటికి మూసిన షట్టర్ తెల్లారేసరికి తెరిచి ఉంది. దొంగలు రాకపోవడం మా అదృష్టం. చివరి కొద్ది ఎత్తులో అంచును పట్టించుకోకుండా లిమిట్ స్విచ్ (షట్టర్ ఒక ఎత్తుకు రాగానే నొక్కుకునేది) పెట్టాను, 6 సెం.మీ. దగ్గర. అంతా బాగుంది అనుకుని 38 మి.మీ. చెక్క పెట్టి చూస్తే షట్టర్ దాని మీద కూర్చుంది! 6 సెం.మీ. కింద అంచు గుడ్డిది కదా. పిల్లవాడి చెయ్యి, పాదం సరిగ్గా ఆ ఎత్తే. ఒక్క చెక్కముక్క లేకపోతే ఈ తప్పు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

స్విచ్‌ను 2 సెం.మీ.కు దించుదామంటే నేల అడ్డొచ్చింది. ఎడమ మూలకు కుడి మూలకు 9 మి.మీ. తేడా. మేస్త్రీని పిలిచి గడప గీత పొడుగునా సిమెంటు సమం చేయించాం (వాళ్ళు పక్కింటి పనిలో ఉన్నారు, డబ్బు తీసుకోలేదు, భోజనం పెట్టాం). తేడా 2 మి.మీ.కు వచ్చాక లిమిట్ 2 సెం.మీ.లో కుదిరింది. చెక్క పరీక్ష పదికి పది.

తూకం మళ్ళీ పెట్టాను:

– 50 సెం.మీ. ఎత్తులో: ముందు 58, ఇప్పుడు 15, వెంటనే సున్నా
– 30 సెం.మీ.: ముందు 61, ఇప్పుడు 16
– 5 సెం.మీ.: ముందు 64, ఇప్పుడు 17

బొమ్మ కాళ్ళ మీద దింపాం. తాకి లేచిపోయింది. మనవరాలు చప్పట్లు కొట్టింది.

ఇది కుదిరాకే రిమోట్ 'డౌన్' వైరు తిరిగి కలిపాను. దిగే ముందు 5 సెకన్లు బజరు మోగి, లైటు వెలిగి ఆరేలా పెట్టాను. ఫోనుతో ఎక్కడినుంచైనా మూసే వైఫై రిలే పెట్టమని అబ్బాయి అడిగాడు. పెట్టలేదు. కంటికి కనబడని షట్టర్‌ని మా ఇంట్లో ఎవరూ మూయకూడదు.

ఖర్చు: ట్యూబు, స్విచ్ 530, రబ్బరు అంచు 6,800, దాని రిలే 3,200, స్పైరల్ కేబులు 900, టైమరు 1,100, కాంటాక్టరు 850. *ఇప్పటిదాకా రూ. 21,460; 39 గంటలు.*

దశ 4: గొలుసు తెగితే? (జులై 19 నుంచి 27)

ఇప్పటిదాకా చేసినదంతా మోటారును ఆపడమే. మోటారుకూ పైపుకూ మధ్య ఉన్నది ఒక్క గొలుసు. అది తెగితే 90 కిలోలు ఏ సెన్సరు మాటా వినకుండా పడిపోతాయి.

వెల్డింగు అబ్బాయి మదనపల్లె వాడు. గొలుసు మూత విప్పి, "పెద్దాయనా, ఇది చూడు" అని పిలిచాడు. గొలుసు కొసలు కలిపే లంకెకు ఉండే క్లిప్పు సగం ఊడి ఉంది. వేలితో తోస్తే వచ్చేసింది. ఎన్ని నెలల నుంచి అలా ఉందో! ఆ లంకె కింద నుంచే రోజూ పిల్లలు స్కూలు బస్సుకు పరుగెత్తారు.

1. ద్వారం కింద రెండు వైపులా ఇనుప స్టాండ్లు నిలబెట్టి, షట్టర్ బరువు వాటి మీద ఆనించాం. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజు నా జేబులో పెట్టుకున్నాను.
2. పిల్లల్ని వాళ్ళ అమ్మ పార్కుకు తీసుకెళ్ళింది.
3. కొత్త గొలుసు వేసి, మధ్యలో నొక్కితే 10 మి.మీ. ఆడేలా బిగించాం. పాతది 22 ఆడేది.
4. మోటారు లేని వైపు పైపు కొసకు సేఫ్టీ బ్రేకు. పైపు మామూలు వేగంలో తిరిగితే ఊరుకుంటుంది, హఠాత్తుగా వేగం పెరిగితే పట్టేస్తుంది.

ఆ బ్రేకును షట్టర్ పడేసి పరీక్షించలేదు. పూర్తి బరువుతో ఒకసారి పట్టిన బ్రేకును మళ్ళీ నమ్మడం మంచిది కాదు. పైపుకు తగిలించే ముందు చేత్తో నెమ్మదిగా తిప్పాం, తిరిగింది. గట్టిగా గుంజాం, టక్కుమని పట్టింది. కొనేటప్పుడు దాని మీద రాసిన బరువు మీ షట్టర్ బరువుకన్నా ఎక్కువ ఉందో లేదో చూడండి. దుకాణంలో మొదట ఇచ్చింది చిన్నది, నా 90 కిలోల లెక్క చూపించి మార్పించాను.

పైపు చుట్ట చుట్టూ జీఐ (జింకు పూత) రేకు డబ్బా కూడా వేయించాం. ఇదివరకు చుట్ట బయటికే కనబడేది.

ఖర్చు: బ్రేకు 7,500, గొలుసు 650, కూలి 3,000, రేకు డబ్బా 4,200. *ఇప్పటిదాకా రూ. 36,810, 48 గంటలు.*

దశ 5: వేళ్ళు, వేలాడడం (ఆగస్టు 2 నుంచి 6)

పక్క చానెలులో షట్టర్‌కీ అంచుకీ మధ్య 14 మి.మీ. సందు. మనవడి చిటికెన వేలు 8 మి.మీ. యూరప్ లెక్కలో ఇలాంటి సందు 8 మి.మీ. కన్నా తక్కువైనా ఉండాలి, 25 కన్నా ఎక్కువైనా ఉండాలి. మధ్యలోవన్నీ వేలిని పట్టేవే. ముందు ఫెల్టు గుడ్డ అతికించాను, ఊడిపోయింది. తర్వాత నైలాను పట్టీలు చానెలు లోపల రెండువైపులా బిగించాం. ఇప్పుడు సందు 5 మి.మీ., పెన్సిలు కూడా దూరడం లేదు.

వేలాడడానికి వీలుగా అడుగు యాంగిలు లోపలివైపు 4 సెం.మీ. పొడుచుకొచ్చేది. దాన్ని కోసి, పలక వేసి నున్నగా చేయించాం, హ్యాండిలు తీసేశాం. పై గడపకు 35 సెం.మీ. కింద, షట్టర్‌కు 6 సెం.మీ. లోపలికి మరో కిరణం పెట్టి 'అప్' కాంటాక్టరుకు వరుసగా కలిపాను. నీళ్ళ క్యాను మళ్ళీ కట్టి ఎత్తాను. క్యాను మూత కిరణాన్ని తాకగానే ఆగింది. బయటివైపు ఈ కిరణం లేదు. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేకుండా చేయడమే నేను చేయగలిగింది.

ఖర్చు: నైలాను 1,400, ఫెల్టు 220, కిరణం జత 1,650. *ఇప్పటిదాకా రూ. 40,080, 54 గంటలు.*

దశ 6: ఎర్తు (ఆగస్టు 7)

ఇనుప షట్టర్, వాన నీళ్ళు, 230 వోల్టులు. మోటారు బాడీకి ఎర్తు వైరే లేదు. ఎర్తు వేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాం. దాని టెస్ట్ బటన్ నెలకొకసారి నొక్కాలి.

ఖర్చు: ఆర్‌సీసీబీ 2,100, వైరు 640, ఎలక్ట్రీషియన్ 800. *మొత్తం రూ. 43,620, 57 గంటలు. అందులో వృథా 2,200.*

వాడుకలో తేలినవి

*వరమహాలక్ష్మి పండుగ.* ద్వారానికి రెండువైపులా అరటి పిలకలు కట్టాం. ఆకు ఊగినప్పుడల్లా కిరణం తెగి షట్టర్ ఆగిపోయింది. బంధువులు వచ్చే వేళ, అబ్బాయికి టెన్షన్. రిసీవరు వైరు రెండూ కలిపి ట్విస్టు చేసి టేపు చుట్టేశాడు. మర్నాడు వైరు పరీక్షలో నేను చూశాను. కోప్పడలేదు, తప్పు నాదే. సెన్సరుకు అడ్డం వస్తే ఏం చేయాలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తాళంచెవి స్విచ్ కిరణాల్ని దాటి పనిచేసేలా మార్చాను, అంచును మాత్రం దాటదు. ఎదురుగా నిలబడి, చెవి పట్టుకుని, కళ్ళతో చూస్తూ మూయాలి. పెట్టె పక్కన తెలుగులో, అద్దెవాళ్ళ కోసం కన్నడంలో రాసి అంటించాం. అరటి పిలకలు ఇక నుంచి అడుగు బయటికి.

*మనవరాలి ఆట.* షట్టర్ దిగుతుంటే కింద నుంచి దూరి బయటికి పరుగెత్తడం దానికీ అద్దెవాళ్ళ బాబుకీ ఆట. సెన్సర్లు వచ్చాక ఇంకా ఎక్కువైంది, దూరితే షట్టర్ ఆగడం వాళ్ళకు తమాషా. నేల మీద షట్టర్‌కు మీటరు లోపల పసుపు గీత గీశాం. బజరు మోగితే గీత వెనక నిలబడి పది లెక్కపెట్టాలి. ఎవరు ముందు గీత చేరితే వాళ్ళు గెలిచినట్టు. రెండు వారాల్లో ఆట మారింది. అయినా ఆ గీతను నమ్మి నేను ఏ సెన్సరూ తీయను.

*వాన.* ఆగస్టు 19 రాత్రి గట్టి వానకు నీటి తుంపరలు 12 సెం.మీ. కిరణాన్ని రెండుసార్లు తెంపాయి. ద్వారం బయట చిన్న కాలువ లోతు చేయించాక తగ్గింది. సాలెగూడు ఒకసారి. ప్రతి ఆదివారం మెత్తని గుడ్డతో తుడుస్తున్నాం.

నెలవారీ పరీక్ష, సెప్టెంబరు 7

1. 38 మి.మీ. చెక్క, ఎడమ, మధ్య, కుడి: లేచింది, లేచింది, లేచింది. 1.3, 1.3, 1.5 సెకన్లు.
2. 12, 40 సెం.మీ. కిరణాలు విడివిడిగా: ఆగింది.
3. కిరణం వైరు పీకి: ఆగింది.
4. పై కిరణం, నీళ్ళ క్యానుతో: ఆగింది.
5. అంచు రెసిస్టెన్సు: 8.17.
6. గొలుసు ఆట: 12 మి.మీ. క్లిప్పు గట్టిగా ఉంది.
7. ఆర్‌సీసీబీ: టెస్ట్ బటన్ నొక్కగానే కరెంటు ఆపింది.
8. చేతి గొలుసు: కొక్కెం మీదే ఉంది.

కుడివైపు 1.5 రావడానికి కారణం వెతికాను. స్పైరల్ కేబులు చానెలు అంచుకు రాసుకుని పైతొడుగు ఒకచోట తెల్లబడింది, ఆ మూల షట్టర్ కొంచెం పట్టి దిగుతోంది. కేబులు తెగితే షట్టర్ ఆగిపోతుంది తప్ప ప్రమాదం లేదు. అయినా కొత్తది తెచ్చాను, కొక్కెం నాలుగు అంగుళాలు పక్కకు జరిపి వచ్చే ఆదివారం మార్చాలి. అప్పటిదాకా రిమోట్ 'డౌన్' వైరు మళ్ళీ తీసి పెట్టాను.